‘ప్రజలు’, ‘అల్పసంఖ్యాకులు’: స్వయంనిర్ణయాధికార పరిభాషపై ఒక పరిశీలన (ఓలాండు ద్వీపముల వివాదము ఆధారముగా)

1966వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఆమోదించిన రెండు మానవహక్కుల ఒడంబడికలకును మొదటి అధికరణ మొక్కటియే. దానిని తెనిగింపబూనినవారికి మొదటి మాటయందే చిక్కు ఎదురగును. ఆంగ్లమూలమున ‘పీపుల్స్’ అని యున్నది. ‘పీపుల్’ అను మాట అర్థముచేత ఇదివరకే బహువచనము. దానిపై మరల బహువచన ప్రత్యయము చేరినప్పుడు ‘మనుష్యులు’ అను అర్థము తొలగి, ఒక్కొక్కటియు ఒక సమష్టియైన జనసముదాయములు పెక్కు అను అర్థము సిద్ధించును. తెలుగున ‘ప్రజలు’ అను రూపము ఈ రెండవ మెట్టు ఎక్కజాలదు. ‘ప్రజలందరికిని స్వయంనిర్ణయాధికారము కలదు’ అని వ్రాసినచో, ప్రతి మనుష్యునికిని ఆ హక్కు కలదని చదువరి గ్రహించును. మూలము చెప్పునది అది కాదు. ఈ హక్కు వ్యక్తిది కాదు, సముదాయమునకు చెందినది.

ఆ రెంటిలో పౌర, రాజకీయ హక్కులకు సంబంధించిన ఒడంబడికయందు 27వ అధికరణము అల్పసంఖ్యాకులను గూర్చినది. అచట హక్కును పొందువారు అల్పసంఖ్యాక వర్గములు కారు, ఆ వర్గములకు చెందిన వ్యక్తులు. తమ వర్గములోని తక్కినవారితో కలిసి తమ సంస్కృతిని అనుభవించుటకును, తమ మతమును అవలంబించుటకును, తమ భాషను వాడుకొనుటకును వారికి గల హక్కును నిరాకరింపరాదని దాని తాత్పర్యము. ఒక జనసమూహము మొదటి అధికరణము క్రిందికి వచ్చినచో తన రాజకీయ ప్రతిపత్తిని తానే నిర్ణయించుకొనవచ్చును. 27వ అధికరణము క్రిందికి వచ్చినచో దాని సభ్యులు తమ భాషను, ఆచారమును నిలుపుకొనవచ్చును, అంతకు మించి లేదు. కావున ఏ జనసమూహమును ఏ పేరుతో పిలువవలెనన్నది కేవల నిఘంటు సమస్య గాదు. భూమి, పాఠశాల, ఓటు, సరిహద్దు, ఇన్నియు ఆ పేరుపై ఆధారపడి యున్నవి.

మన వాడుకలోని మాటలను ఒకపరి పరికింతము. జాతి, ప్రజ, జనము అను మూడును ‘జన్’ అను ఒకే ధాతువునుండి పుట్టినవి, మూడింటికిని పుట్టుకయే మూలార్థము. సంస్కృతమున ‘ప్రజ’ యనగా సంతానము. రాజు తండ్రి, ఏలబడువారు బిడ్డలు అను భావనచే అది పాలితులను తెలుపు మాటయైనది. ఏలబడువారిని చెప్పు మాటతోనే తమ్ము తాము ఏలుకొను హక్కును చెప్పవలసి వచ్చుట మన భాషలకు చరిత్ర తెచ్చిపెట్టిన వింత. ‘జాతి’ మరింత బరువైన మాట. కులము, వంశము, పశుపక్ష్యాదుల భేదము, వృక్షభేదము, ఛందస్సున పద్యభేదము, ఆంగ్లమున ‘నేషన్’ అనునది, ‘రేస్’ అనునది, అన్నియు దానిలోనే యిమిడినవి. ‘తెలుగుజాతి’ యన్నప్పుడు భాషాసమాజమును, ‘భారతజాతి’ యన్నప్పుడు రాజ్యాంగబద్ధమైన ఐక్యమును, ‘గిరిజన జాతులు’ అన్నప్పుడు పరిపాలనా విభాగమును మనము ఉద్దేశించుచున్నాము. ‘అంతర్జాతీయ’ మనునప్పుడు జాతుల నడిమి సంబంధము అని ధ్వనించినను, నిజమున అది రాజ్యముల నడిమి న్యాయమే. అంతర్జాతీయ న్యాయమున జాతికి స్థానమున్నదా, రాజ్యమునకే స్థానమున్నదా యను ప్రశ్న మన మాటలోనే దాగియున్నది.

ఈ ప్రశ్న ఒక అంతర్జాతీయ సంస్థ యెదుట మొట్టమొదట సాంగోపాంగముగా విచారింపబడినది 1920–21 సంవత్సరములలో, ఓలాండు ద్వీపముల విషయమున. స్వీడనుకును ఫిన్లండుకును నడుమ, బోత్నియా సింధుశాఖ ముఖద్వారమున, ఆరువేలకు మించిన దీవులును రాతిదిబ్బలును గల సముదాయ మది. అందు జనావాసము గలవి కొలదియే. నేటికిని జనసంఖ్య సుమారు 30 వేలు మాత్రమే. వారి భాష స్వీడిషు. ఫిన్నిషు భాషలో ఆ దీవులకు ‘అహ్వెనన్మా’ అని వేరొక పేరు కలదు. స్వీడిషు ఇండో–యూరోపీయ కుటుంబమునకును, ఫిన్నిషు ఉరాలిక్ కుటుంబమునకును చెందినవి. కనుక ఈ రెంటి నడుమ దూరము తమిళమునకు తెలుగునకు గల దూరము వంటిది కాదు, హిందీకి తెలుగునకు గల దూరము వంటిది.

1809 వరకు ఫిన్లండును ఈ దీవులును స్వీడను రాజ్యమునకు చెందినవి. ఆ సంవత్సరపు హామినా సంధిచే రెండును రష్యా చక్రవర్తి వశమైనవి. రష్యను లచట బోమర్సుండు కోట కట్టిరి. క్రిమియా యుద్ధమున, 1854లో, బ్రిటిషు ఫ్రెంచి సేనలు దానిని నేలమట్టము గావించెను. 1856లో పారిసునందు ఆ దీవులను ఎన్నడును కోటలతో దృఢపరుపరాదని ఒడంబడిక జరిగెను. 1917లో జారు ప్రభుత్వము కూలినది. ఆ యేడు ఆగస్టులోనే, ఫిన్లండు ఇంకను స్వాతంత్ర్యమును ప్రకటింపకమునుపే, ఓలాండు గ్రామమండలుల ప్రతినిధులు ఫిన్‌స్ట్రోమునందలి జానపద ఉన్నత పాఠశాలలో సమావేశమై, తిరిగి స్వీడనుతో కలియవలెనని తీర్మానించిరి. డిసెంబరు 6న ఫిన్లండు స్వతంత్రమైనది. తరువాత ద్వీపవాసులు 7,135 సంతకములతో స్వీడను రాజునకు విజ్ఞప్తి సమర్పించిరి. 1919లో తమంతట తాము జరుపుకొన్న ప్రజాభిప్రాయ సేకరణమున నూటికి తొంబదియైదుగురికి మించి స్వీడనునే కోరిరి.

ఆ దినములలో స్వయంనిర్ణయ మను మాట యూరపు అంతటను మారుమ్రోగుచుండెను. లెనిన్ 1914లోనే దానిపై ప్రత్యేకముగా వ్రాసియుండెను. విల్సను అధ్యక్షుని పేరుతో ఆ మాట ముడివడినను, 1918 జనవరి 8వ తేదీ నాటి ఆయన పదునాలుగు సూత్రములలో ఆ పదమే లేదు. అది ఆయన నోట వినబడినది ఫిబ్రవరి 11వ తేదీ ప్రసంగమున. ఆయన విదేశాంగ కార్యదర్శి రాబర్టు లాన్సింగు మాత్రము ఆ మాట పేలుడు మందుతో నిండినదని తన దినచర్యలో వ్రాసికొనెను. నానాజాతిసమితి నిబంధనావళి తుదిరూపమున ఆ పదమునకు చోటు దొరకలేదు.

ఓలాండువారు కోరినది, ఫిన్లండు తాను రష్యానుండి విడిపోవునప్పుడు చెప్పిన న్యాయమునే తమకును వర్తింపజేయుమని. ఫిన్లండు ప్రభుత్వము 1920 మే 6న ద్వీపములకు స్వపరిపాలనా శాసనమును చేసి యిచ్చెను, ద్వీపవాసులు దానిని పుచ్చుకొనలేదు. వారి నాయకులైన యూలియస్ సుండ్‌బ్లోమ్, కార్ల్ బ్యోర్క్‌మన్ అను ఇరువురును జూనులో రాజద్రోహ నేరముపై నిర్బంధింపబడిరి. అంతట బ్రిటను చొరవతో వివాదము నానాజాతిసమితి మండలికి చేరినది.

ఇది మా ఆంతరంగిక వ్యవహారము, సమితికి జోక్యముండరాదని ఫిన్లండు వాదించెను. ఈ అధికారపరిధి ప్రశ్నను తేల్చుటకు మండలి ముగ్గురు న్యాయవేత్తలను నియమించినది: ఫ్రాన్సుకు చెందిన లార్నోద్, నెదర్లాండ్సుకు చెందిన స్ట్రూయికెన్, స్విట్జర్లండుకు చెందిన మాక్స్ హ్యూబర్. 1920 సెప్టెంబరులో వారిచ్చిన అభిప్రాయము రెండంచుల కత్తి. స్వయంనిర్ణయము రాజకీయ చింతనలో ఎంత ప్రముఖమైనను, అది రాజ్యముల నడుమ అమలులో నున్న న్యాయసూత్రము కాదు. స్థిరముగా ఏర్పడియున్న రాజ్యముయొక్క భూభాగమున నొక భాగమును విడదీయుటయో, విడదీయకుండుటయో ఆ రాజ్యమునకు సహజమైన అధికారము. ఇది ఒక అంచు. అయితే రాజ్యమే కూలిపోయి, క్రొత్త రాజ్యమింకను కుదుటపడని సంధికాలమున ఈ నియమము వర్తింపదని, అప్పుడు జనుల అభీష్టమునకు చోటు కలుగవచ్చునని వారు రెండవ అంచును చూపిరి. 1917–18లో ఫిన్లండు అట్టి స్థితిలోనే యున్నది కనుక మండలికి విచారణాధికారము కలదని తేల్చిరి.

పిమ్మట వాస్తవముల విచారణకై మరియొక త్రిసభ్యసంఘము ఏర్పడినది. బెల్జియమునుండి బేయెన్సు, స్విట్జర్లండునుండి కలోండర్, అమెరికానుండి ఎల్కస్ అందు సభ్యులు. 1921 ఏప్రిలులో వారిచ్చిన నివేదిక ఈ వ్యాసమునకు ముఖ్యాధారము. న్యాయవేత్తలతో వీరు ఒక ప్రధానాంశమున విభేదించిరి. 1809 నుండియు ఫిన్లండు రష్యా సామ్రాజ్యములో స్వయంపరిపాలిత దేశముగనే యున్నది, ఓలాండు అందు భాగముగనే యున్నది, కావున 1917లో క్రొత్తగా పుట్టిన శూన్యమేమియు లేదని వారి మతము. అటుపిమ్మట వచ్చునది మన పరిభాషకు సంబంధించిన ముడి. ఫిన్లండువారు ఒక సంపూర్ణ జనసముదాయము, ఓలాండువారు మరియొక పెద్ద సముదాయములో ఒక చిన్న తునుక. ఫిన్లండు ప్రధానభూమిపై స్వీడిషు మాతృభాషగా గలవారు లక్షల సంఖ్యలో నుండగా, ద్వీపవాసులు వారిలో కొలదిపాటి భాగము మాత్రమే. ఫిన్లండుకు చెల్లిన న్యాయము వీరికి చెల్లదు. తమకిష్టమైనదన్న కారణమున భాషాల్పసంఖ్యాకులో మతాల్పసంఖ్యాకులో రాజ్యమునుండి విడిపోవచ్చునని యంగీకరించినచో, రాజ్యముల లోపలి క్రమమును స్థిరత్వమును నశించునని వారి భయము.

ఇంతటితో ఆగియుండినచో ఆ నివేదిక బలవంతుల పక్షము వహించిన అనేక పత్రములలో నొకటియై మరుగునపడెడిది. వారు మరియొక అడుగు వేసిరి. న్యాయమైన, ఫలించునట్టి రక్షణలను కల్పించి అమలుచేయుటకు రాజ్యమునకు మనసైనను శక్తియైనను లేనప్పుడు, కట్టకడపటి ఉపాయముగా, కేవలము అసాధారణ పరిస్థితిలో, విభజనను తలపవచ్చునని వ్రాసిరి. ఫిన్లండు తాము సూచించు రక్షణలను నిరాకరించునెడల ద్వీపవాసుల అభిప్రాయమును స్వేచ్ఛగా సేకరించి విభజించుటయే వేరొక పరిష్కారమని హెచ్చరించిరి. ‘అల్పసంఖ్యాకులు’ అను పేరు మార్పులేని ముద్ర కాదని, రాజ్యము తన కర్తవ్యమును విడనాడినపుడు ఆ పేరు వెనుకనుండి ‘ప్రజ’ తల యెత్తునని దీని భావము. తరువాతి న్యాయచింతన యంతయు ఈ వాక్యము చుట్టును తిరుగుచున్నదనుట అతిశయోక్తి కాదు.

1921 జూన్ 24న మండలి దీవులు ఫిన్లండువే యని నిర్ణయించెను. 27న రెండు ప్రభుత్వములును రక్షణల యొప్పందమునకు సమ్మతించినవి. దానిని భాషావేత్తలు శ్రద్ధతో చదువదగును. ద్వీపమండలముగాని గ్రామమండలులుగాని స్వీడిషు తప్ప వేరొక బోధనభాషగల పాఠశాలను పోషింపనక్కరలేదు. సంబంధించిన గ్రామమండలి యనుమతి లేక ప్రభుత్వ ధనముతో నడచు ప్రాథమిక పాఠశాలలో ఫిన్నిషును బోధింపరాదు. ద్వీపవాసి కానివానికి భూమి అమ్మబడినచో, ద్వీపవాసిగాని గ్రామమండలిగాని ద్వీపమండలిగాని ఆ భూమిని కొని తిరిగి తీసికొనవచ్చును, ధర కుదరనిచో న్యాయస్థానము నిర్ణయించును. బయటినుండి వచ్చి స్థిరపడిన పౌరునికి అయిదేండ్ల నివాసము నిండినగాని స్థానిక ఎన్నికలలో ఓటు లేదు. గవర్నరును నియమించుటకు ఫిన్లండు అధ్యక్షుడు ద్వీపమండలి అధ్యక్షునితో ఏకాభిప్రాయమునకు రావలెను. పొసగనిచో మండలి సూచించిన అయిదుగురిలో నొకనిని ఎన్నుకొనవలెను. ఈ రక్షణలకు భంగము కలిగిన ద్వీపమండలి చేయు ఫిర్యాదును ఫిన్లండు ప్రభుత్వమే సమితికి అందజేయవలెను. అవసరమైనచో సమితి అంతర్జాతీయ న్యాయస్థానము సలహాను కోరవచ్చును.

భాషకు రక్షణ యనగా పాఠశాల మాత్రమే యని తలచువారికి ఈ యొప్పందము పాఠము. ఒప్పందకర్తలు భాషను భూమితోను, నివాసముతోను, ఓటుతోను ముడివేసిరి. భూమి చేతులు మారి, క్రొత్తవారు అధికసంఖ్యాకులై, మండలిలో తీర్మానము మారినచో, పాఠశాలను గూర్చిన నిబంధన కాగితముపై నుండినను ఫలమేమి? చిన్న భాష చచ్చుట వ్యాకరణదోషము వలన కాదు గదా!

1922 జూన్ 9న ద్వీపమండలి తొలిసారి సమావేశమైనది. రెండేండ్ల క్రిందట రాజద్రోహియని చెరసాలకేగిన సుండ్‌బ్లోమే దానికి సభాపతి, 1945లో మరణించువరకు ఆ పదవిలో నుండెను. బ్యోర్క్‌మన్ కార్యనిర్వాహక వర్గమునకు ప్రథమ నాయకు డాయెను. రక్షణలకు పూచీయైన నానాజాతిసమితి రెండవ ప్రపంచయుద్ధముతో అంతరించినను, స్వపరిపాలన అంతరింపలేదు. 1951లో నొకమారు, 1991లో మరియొకమారు శాసనము విస్తరింపబడినది. చివరిది 1993 జనవరి 1నుండి అమలులోనికి వచ్చెను. 1995లో ఫిన్లండు యూరపియను యూనియనులో చేరినపుడు ద్వీపములకై ప్రత్యేక అనుబంధ పత్రమును చేర్చిరి.

ఐక్యరాజ్యసమితి కాలమున మాటకు బలము పెరిగినది, వ్యాప్తి మాత్రము ఒక ప్రక్కకే ఒరిగినది. 1945 నాటి సమితి శాసనపత్రమున స్వయంనిర్ణయము ఒక సూత్రముగా పేర్కొనబడెను. 1960 డిసెంబరు 14న 89 రాజ్యముల యనుకూలముతో, వ్యతిరేక మొక్కటియు లేక, తొమ్మిది తటస్థముగా నుండగా ఆమోదింపబడిన 1514వ తీర్మానముతో అది వలసదేశముల హక్కు అయినది. ఆ తీర్మానముననే ఆరవ పేరా దేశముయొక్క సమైక్యమును భంగపరచు యత్నములను ఖండించుచున్నది. ఒక చేత తలుపు తెరచి, మరియొక చేత గొళ్ళెము పట్టుకొనుట యన్నమాట. 1970 అక్టోబరు 24 నాటి 2625వ తీర్మానము, భేదభావము లేక సర్వజనులకును ప్రాతినిధ్యము వహించు ప్రభుత్వముగల రాజ్యమునకే ఈ సమైక్యరక్షణ యని షరతు చేర్చినది. ఓలాండు నివేదికయొక్క నీడ ఇచట కనబడును. 1998లో క్విబెక్ విషయమున కెనడా సర్వోన్నత న్యాయస్థానము, అంతర స్వయంనిర్ణయము, బాహ్య స్వయంనిర్ణయము అను విభాగమును చేసి, మొదటిది లభించుచున్న చోట రెండవదానికి హక్కు లేదని తీర్పు చెప్పెను.

భారతదేశము 1979 ఏప్రిలు 10న ఈ ఒడంబడికలలో చేరినపుడు మొదటి అధికరణముపై ఒక ప్రకటనను జతచేసినది. స్వయంనిర్ణయాధికారము పరపాలనలో నున్న ప్రజాసముదాయములకే గాని, స్వతంత్ర రాజ్యములకును, ఒక ప్రజలో నొక భాగమునకును వర్తింపదని దాని సారము. ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్సు దీనిని ఆక్షేపించినవి. ‘ప్రజలో నొక భాగము’ అను భావము గమనింపదగినది, 1921 నివేదిక ఓలాండువారిని గూర్చి యన్నదియు ఇదియే.

ఈ భాగ–సమగ్ర వివేచనము ఎచట కుంటువడునో చూచుటకు మన ఉపఖండముననే ఉదాహరణ మున్నది. 1951 జనాభా లెక్కల ప్రకారము పాకిస్తానున వంగభాష మాట్లాడువారు సగమునకు మించియుండిరి. లెక్కచే వారు అధికసంఖ్యాకులు, అధికారముచే అల్పులు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో భాషకై ప్రాణములు పోయినవి. 1956 రాజ్యాంగమున వంగభాషకు ఉర్దూతో సమానస్థానము వచ్చినను అధికారపు త్రాసు మారలేదు. 1971లో బంగ్లాదేశ మేర్పడినది. ‘అల్పసంఖ్యాక’ మను మాట సంఖ్యను మాత్రమే చెప్పును, ఈ చరిత్రను పట్టుకొనలేదు. 1977లో ఐక్యరాజ్యసమితికై ఫ్రాన్సిస్కో కపొతోర్తి యిచ్చిన నిర్వచనమున అల్పసంఖ్యతోపాటు అధికారమున ప్రాబల్యము లేకుండుట యను లక్షణము కూడ చేరుటకు ఇట్టి అనుభవములే సమర్థన మగును.

భాషారాష్ట్రముల విషయమున మనము స్వయంనిర్ణయ మను మాటను వాడలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినది రాజ్యాంగము లోపలి పునర్విభజనచే. ఒకే భాషవారి నడుమ 2014లో తెలంగాణ వేరుపడినదియు అట్లే. అయినను ప్రతి భాషారాష్ట్రమును తన యంచులయందు క్రొత్త అల్పసంఖ్యాకులను సృష్టించినది. దీనిని గుర్తించియే 1956లో ఏడవ సవరణచే 350–ఏ, 350–బి అధికరణములు రాజ్యాంగమున చేరినవి. మొదటిది ప్రాథమిక విద్య మాతృభాషలో నుండునట్లు వసతులు కల్పింపుమనును, రెండవది భాషాల్పసంఖ్యాకులకు ప్రత్యేకాధికారిని నియమించును. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఏ. పాయ్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు పదునొకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, భాషల ప్రాతిపదికపై రాష్ట్రము లేర్పడినవి కనుక అల్పసంఖ్యాకత్వమునకు రాష్ట్రమే ప్రమాణమని తీర్చెను. కావున ఇచ్ఛాపురమున అధికసంఖ్యాకుడైన తెలుగువాడు కొలదిమైళ్ళు దాటి ఒడిశాలో అడుగిడిన వెంటనే అల్పసంఖ్యాకు డగును. మనిషి మారలేదు, భాష మారలేదు, గీత మారినది. తమిళనాడున 2006 నాటి తమిళ అభ్యసన శాసనముతో తెలుగు పిల్లలకు కలిగిన ఇబ్బంది మద్రాసు ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. ఓలాండు యొప్పందములో భూమి, నివాసము, ఓటు, పాఠశాల కలిసి నిలబడినట్లు, మన 350–ఏ అధికరణమునకు తోడుగా నిలుచునది మరేదియు లేదు. ‘వసతులు కల్పించుటకు యత్నింపవలెను’ అను ధోరణిలో నున్న నియమమునకు బలము స్వల్పము.

ఓలాండు ఏర్పాటును ఆదర్శమని పొగడువారు ఒక సంగతిని దాటవేయుచుందురు. నేడు ఆ దీవులలో ఫిన్నిషు మాతృభాషగా గలవారు నూటికి సుమారు అయిదుగురు. దేశమున అధికసంఖ్యాకులు, దీవిలో అల్పసంఖ్యాకులు. కేంద్రప్రభుత్వ కార్యాలయములతో ఫిన్నిషులో వ్యవహరించు హక్కు వారికున్నను, వారి పిల్లలకు ఆ భాషలో పాఠశాలను నడపు బాధ్యత ద్వీపప్రభుత్వమునకు లేదు. ఒక అల్పసంఖ్యకు కోటగా కట్టిన గోడ మరియొక అల్పసంఖ్యకు అడ్డుగోడ యైనది. ఆ గోడ లేనిచో దీవిలో స్వీడిషు నిలిచెడిదా యని యడిగిన, నిలువకుండెడిదనియే ఈ వ్యాసకర్త అభిప్రాయము. అంతమాత్రమున ఆ ఫిన్నిషు బిడ్డకు జరిగినది న్యాయమని చెప్పుటకు మాత్రము నోరాడదు.

పరిభాష విషయమై ఒక సూచన. ఒడంబడికల తెలుగు పాఠములయందు మొదటి అధికరణమున ‘ప్రజలు’ అనుటకు మారుగా ‘ప్రజాసముదాయములు’ అనియు, ‘ప్రతి ప్రజాసముదాయమునకును’ అని ఏకవచనముతోను వాడుట మేలు. ‘జాతి’ని ఇచట వాడకుండుట శ్రేయము. కులార్థమును వంశార్థమును దానిని విడువవు, రక్తసంబంధమే హక్కునకు మూలమను భ్రాంతిని కలిగించును. ‘ఆత్మనిర్ణయ’ మని హిందీనుండి వచ్చిన రూపముకంటె ‘స్వయంనిర్ణయ’ మే తెలుగున స్పష్టము, ‘ఆత్మ’ మనకు వేరొక శాస్త్రమును స్మరింపజేయును. 27వ అధికరణమున ‘అల్పసంఖ్యాకులకు హక్కు కలదు’ అని క్లుప్తపరుపక, ‘అల్పసంఖ్యాక వర్గములకు చెందిన వ్యక్తులకు, తమ వర్గములోని తక్కినవారితో కలిసి’ అని పూర్తిగా వ్రాయవలెను. ‘కలిసి’ అను మాటను భారమని తలచి తీసివేసిన యెడల, ఒంటరిగా ఇంటిలో మాట్లాడుకొను హక్కు మాత్రమే మిగులును.